పుడిసెడు నీళ్ళు

ఈ నాలుగు మాటలు రాయమన్నది మా అక్క. నాకైతే రాయాలని లేదు. చేసిన తప్పును కాగితం మీద పెట్టడమంటే నడివీధిలో నిలబడి చెంపలు వేసుకున్నట్టే. ఏడాదిన్నరగా రేపు మాపు అంటూ తప్పించుకుంటూ వచ్చాను. మొన్న అక్క ఊరుకోలేదు. నేను మందని చెప్పి ఇసబ్గోలు పొట్టు పంచిపెట్టిన ఇళ్ళవాళ్ళు వీధిలో ఇంకా ఉన్నారనీ, వాళ్ళకైనా తెలియాలి గదా అనీ పట్టుబట్టింది. ఆదోనిలో ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆ చదువును పంచాంగం చూడ్డానికీ నూలు సంఘం నోటీసులు వీధికి చదివి వినిపించడానికీ తప్ప దేనికీ వాడనివాణ్ణి. ఇప్పుడు దీనికి వాడుతున్నాను.

మాది ఎమ్మిగనూరు, నేత ఇల్లు. గుంట మగ్గం మీద నేను నేస్తాను. నా భార్య శంకరమ్మ గంజి కాచి పడుగుకు పట్టిస్తుంది. మా అక్క ఉరుకుందమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. ఒక్క కూతురు, పెళ్ళి చేసుకుని ఆలూరు పోయింది. అక్క నాకన్నా పదేళ్ళు పెద్ద. పెళ్ళైన మూడేళ్ళకే బావ పోతే పుట్టింటికి వచ్చేసింది. ఆ ఏడాదే మా అమ్మ కూడా పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచి నాకు తలంటి, అన్నం పెట్టి, తిట్టి, బడికి తోలిన మనిషి అక్కే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఎవరికి చేశానో తెలియకపోతే ఏం చేశానో మీకు తెలియదు.

దుర్ముఖి నామ సంవత్సరం, మాఘమాసం

పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం మొదట్లో రోగం వచ్చింది నాకే. నలభై ఏడేళ్ళు నాకు. పొద్దున మగ్గం గుంటలో దిగితే రెండు గంటలు బాగానే నేసేవాణ్ణి. ఆ తరువాత రొమ్ము మధ్యలో పట్టేసి, ఎడమ చెయ్యి మోచేతి దాకా గుంజేది. మగ్గంలో నాడె అటూ ఇటూ వెయ్యడం ఆపితే తగ్గేది. వాయువు అని నాకు నేనే పేరు పెట్టుకుని వాము నమిలాను. శంకరమ్మ అడిగితే నీకేం తెలుసు పో అన్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఆ మాట వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

ఒక సంతనాడు జొన్నల మూట భుజాన వేసుకుని వస్తూ మా వీధి మలుపులోనే కూలబడ్డాను. చెమట, కళ్ళు చీకట్లు. నలుగురూ కలిసి ఇంట్లో పడుకోబెట్టారు. మరునాడు నా మాట వినకుండా ఆడవాళ్ళిద్దరూ నన్ను ఆదోని బస్సెక్కించారు. ఆ పూట అక్క దేవుని గూటి ముందు నిలబడి ఏదో గొణుక్కోవడం చూశాను గాని ఏమని అడగలేదు.

ఆదోనిలో డాక్టరుగారి వరండాలో పొడుగాటి బల్ల ఉండేది. జిన్నింగు మిల్లు కూలీలు తల్లో దూది పోగులతోనే వచ్చి కూర్చునేవాళ్ళు. లోపలికి పిలుపు రావడానికి ఆ రోజు మూడు గంటలు పట్టింది. పక్కనున్నాయన నీకేమప్పా అని అడిగితే, నాకేమీ లేదు, ఊరికే చూపించుకోను వచ్చినా అన్నాను. రోగముందని ఒప్పుకోవడం నాకు పరువు తక్కువ. ఆ పరువే తరువాత మా కొంప ముంచింది.

డాక్టరుగారు పెద్దాయన, మాటలు తక్కువ. నా రొమ్ము విని, నాడి చూసి, మొహాన్ని కిటికీ వైపు తిప్పి రెప్పల మీద వేలితో తడిమాడు. నా కళ్ళ మూలల్లో రెప్పల మీద కందిబేడల్లాంటి పచ్చని మచ్చలు చాలా ఏళ్ళుగా ఉన్నాయి. అవి లక్ష్మీకళ అని మా వీధి ముసలాయన ఒకడు చెప్పింటే మురిసిపోయాను కూడాను. కళా లేదు గిళా లేదు, అది కొవ్వు అన్నాడు డాక్టరు. రక్తం తీసి ఐసు డబ్బాలో పెట్టి బళ్ళారికి పంపించాడు.

పది రోజులకు కాగితం వచ్చింది. అందులో ఉన్న మాట కొలెస్ట్రాల్. నోరు తిరక్క రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. అది రక్తంలో ఉండే కొవ్వనీ, ఎక్కువైతే నాళాల గోడలకు పట్టుకుంటుందనీ, గుండెకు పోయే దారి ఇరుకవుతుందనీ చెప్పాడు. మాంసం, నెయ్యి, వనస్పతి తగ్గించమన్నాడు. బీడీ మానమన్నాడు. రోజూ వేసుకోడానికి ఒక మాత్ర, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోడానికి ఇంకొక మాత్ర ఇచ్చాడు. మరి ఆ కొవ్వును తగ్గించే మందేదీ అంటే, దానికింకా సరైన మందు లేదప్పా అన్నాడు. మందు లేని రోగమంటే మనకు ఒకటే అర్థం.

ఆ భయంతోనే బజారులో హకీము సాహెబు అంగడికి పోయాను. తెల్ల గడ్డం, మెత్తని మాట. నా కథంతా విని ఒక డబ్బాలోనుంచి ఇసబ్గోలు పొట్టు తీశాడు. గాలికి ఎగిరిపోయేంత తేలిక, చూస్తే తవుడు పొట్టులా ఉంది. ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి, చెంచాడు వేసి తిప్పి, చిక్కబడక ముందే తాగమన్నాడు. దాని వెనకాలే ఇంకొక గ్లాసు నీళ్ళు తాగించాడు. లోపల ఉబ్బి, పోయేటప్పుడు జిడ్డును వెంటబెట్టుకుని పోతుందట. ఒక మండలం, అంటే నలభై రోజులు, తెంపకుండా వాడి చూడమన్నాడు. రెండు గ్లాసుల నీళ్ళ మాట మూడుసార్లు చెప్పాడు. ముసలాయనకు చెప్పింది గుర్తుండదేమో అని లోపల నవ్వుకున్నాను.

శంకరమ్మ ఆ పొట్లం నా చేతిలోనుంచి లాక్కుంది. డాక్టరునడిగేదాకా ఒక్క చెంచా కూడా ఇయ్యనంది. మళ్ళీ ఆదోని పోయి, గొణుక్కుంటూ అడిగాను. డాక్టరు పొట్టును వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"కొవ్వు తగ్గిస్తాదని నేను చదివిన పుస్తకాల్లో లేదప్పా. తగ్గించదు అనీ లేదు. తాగుతానంటే తాగు, మూడు నెలలకు మళ్ళీ రక్తం చూద్దాం. నీళ్ళు బాగా తాగాల. నా మాత్రకూ దానికీ రెండు గంటలన్నా ఎడముండాల. ఇంకొకటి, నీకు చెప్పింది నీకే. మంచిదని ఊరంతా పంచొద్దు."

ఆ చివరి మాట నా మీద చిన్నచూపుతో అన్నాడనిపించి మనసులో పెట్టుకున్నాను.

హేవిళంబి, చైత్రం నుంచి ఆషాఢం దాకా

గుంట మగ్గం నేసేవాడికి నీళ్ళు శత్రువు. తాగితే లేవాలి, లేస్తే పని తెగుతుంది. కాళ్ళు గుంటలో పెట్టుకుని కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోకుండా నెయ్యడం మా వీధిలో మామూలు. అందుకని శంకరమ్మ పొద్దున్నే రెండు గ్లాసులు పట్టుకుని గుంట అంచున నిలబడేది. ఒక దాంట్లో పొట్టు, ఒక దాంట్లో ఉత్త నీళ్ళు. నేనేమన్నా పసిబిడ్డనా అని కసిరితే, పసిబిడ్డయితే చెప్పినట్టు వింటాడని చెప్పి కదలకుండా నిలబడేది. రెండు గ్లాసులూ ఖాళీ అయ్యాకే పొయ్యి దగ్గరికి పోయేది. ఈ రోజు నేను బతికి రాస్తున్నానంటే ఆ నిలబడ్డ కాళ్ళ పుణ్యం కొంతుంది.

మాంసం మానాను, బీడీ మానాను. బీడీ మానడంలో ఇంట్లో వాళ్ళు పడ్డ పాట్లు వేరే కథ. మూడు నెలలు తిరిగేసరికి నొప్పి చాలావరకు పోయింది. రక్తం మళ్ళీ చూస్తే కొవ్వు తగ్గింది. డాక్టరు సంతోషించాడు. అంతా పొట్టు మహిమ అనుకోవద్దనీ, తిండీ బీడీ కూడా లెక్కలోకి వస్తాయనీ అన్నాడు. నేను సగమే విన్నాను. పొట్టు వల్ల తగ్గింది అన్న సగం.

ఇక చూడండి నా వైభవం. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, నా రోగం పూర్తిగా పోకముందే నేను వైద్యుణ్ణయ్యాను. ఆదోని పోయినప్పుడల్లా పెద్ద పొట్లం తెచ్చి వీధిలో పంచేవాణ్ణి. ఆయాసమన్నవాడికీ, మోకాళ్ళ నొప్పులన్నవాడికీ అదే. పిలవకపోయినా పోయి చెప్పేవాణ్ణి. ఎట్లా తాగాలి అని అడిగితే మొదట్లో రెండు గ్లాసుల సంగతి చెప్పేవాణ్ణి. తరువాత తరువాత నీళ్ళలో వేసుకోండి అని తేల్చేశాను. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది.

ఆషాఢంలో ఒక పొద్దున అక్క వాకిట్లో రాట్నం ముందు కూర్చుని ఉంది. ఎండ ఆమె మొహం మీద పడుతోంది. రెప్పల మీద, కళ్ళ మూలల్లో, నాకున్నట్టే పచ్చని మచ్చలు. రోజూ చూసే మొహమే, ఎన్నడూ చూడలేదు. ఒకే తల్లి బిడ్డలం, ఒకే రక్తం, ఒకే కొవ్వు. ఆదోనికి రమ్మంటే నాకేం రోగమురా, నాకు కండెలున్నాయి అంది. ఇంకొంచెం గట్టిగా అడిగుంటే వచ్చేది. నేను అడగలేదు. నిజం చెప్పాలంటే, ఇంట్లో నేనొక వైద్యుణ్ణి ఉండగా ఇంకొక వైద్యుడెందుకు అనిపించింది. మరునాటి నుంచి ఆమెకూ పొట్టు మొదలుపెట్టాను. శంకరమ్మ రెండు గ్లాసులకు బదులు నాలుగు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది.

శ్రావణమాసం

మాఘంలో నేను కూలబడిన నాడు దేవుని గూటి ముందు అక్క గొణుక్కున్నది ఏమిటో శ్రావణం వచ్చాక బయటపడింది. నేను బతికితే శ్రావణంలో ప్రతి సోమవారం ఒక్కపొద్దు ఉంటానని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది. అదీ మామూలు ఒక్కపొద్దు కాదు. సాయంత్రం దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. యాభై ఏడేళ్ళ మనిషి, నా కోసం. విని, నీకు పనిలేదు అని కసిరాను.

మొదటి రెండు సోమవారాలూ ఆమె పొట్టు తాగలేదు. ఆడవాళ్ళిద్దరూ నాకు తెలియనివ్వలేదు. మూడో సోమవారం పొద్దున తెలిసింది. ఆ రోజు శంకరమ్మ వీధిలో పడుగు సాచి గంజి పట్టిస్తోంది, ఇంట్లో లేదు. నేను డబ్బా పట్టుకుని అక్క దగ్గరికి పోయాను. రెండుసార్లు తెగింది చాలదా, మండలం ఇంకా తెగితే ఇన్నాళ్ళు తాగింది వృథా అని నా వాదం.

"అక్కా, మందుకు ఒక్కపొద్దు చెడదు. రోగమొస్తే సన్యాసులు గూడా మందు తింటారు."

"మందుకు చెడదులేరా. దాని ఎనక రెండు గ్లాసులు నీళ్ళు తాగమంటావే, దానికి చెడుతుంది."

మాట సబబుగానే ఉంది. ఆ సబబు అక్కడితో ఆపి, సరే రేపు తాగులే అని పోయుంటే ఈ కథే లేదు. నాకు ఓడిపోవడం చేతకాదు. ఒక్క క్షణం ఆలోచించి అన్నాను.

"తీర్థం మాదిరి పుడిసెడు నీళ్ళతో మింగు. పుడిసెడు నీళ్ళకు ఈరన్నేమీ అనుకోడు."

అక్క నా వైపు చూసి నవ్వింది. మొక్కింది నా కోసం, పొట్టు ఇస్తున్నది ఆమె కోసం, రెండూ నిలబడాలంటే ఇదే దారి అనుకుంది కాబోలు. పొడి పొట్టు చెంచాడు నాలుక మీద వేసుకుని అరచెయ్యి గుంటగా పట్టింది. చెంబులోనుంచి నేనే పోశాను. పుడిసెడు. మింగి కొంచెం దగ్గింది, కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ఏమీ లేదు పో అన్నట్టు చెయ్యి ఊపింది. నేను పోయి గుంటలో దిగాను.

మధ్యాహ్నం అక్క రాట్నం ఆపి రొమ్ము రుద్దుకోవడం చూశాను. అడిగితే ఒక్కపొద్దు మంటలే అంది. సాయంత్రం అక్క దీపం పెట్టి, టెంకాయ కొట్టాక శంకరమ్మ నీళ్ళిచ్చింది. మొదటి గుటక పోయినట్టే పోయి వెనక్కి వచ్చింది. రెండోదీ అంతే. కాసేపటికి ఉమ్మి కూడా మింగుడు పడలేదు. రొమ్ము పట్టుకుని ముందుకు వంగిపోయింది. నాకు ఒకటే తోచింది, గుండె. నా నాలుక కింది మాత్ర తీసి ఆమె నాలుక కింద పెట్టాను. చూశారా, అప్పుడు కూడా వైద్యమే. దానికి ఆమెకు కళ్ళు తిరిగి గోడకు ఒరిగింది, నొప్పి మాత్రం తగ్గలేదు.

మంగళవారం మొదటి బస్సుకు ఆదోని తీసుకుపోయాను. శంకరమ్మ ఇంటి దగ్గర ఉండిపోయింది. దారిపొడుగునా అక్క చిన్న చెంబు పట్టుకుని అందులో ఉమ్ముతూనే ఉంది. నేను పొట్టు సంగతి ఆలోచించలేదని చెప్పలేను. గోనెగండ్ల వాళ్ళెవరో పక్క సీటులో జాతర మాటలు మాట్లాడుకుంటుంటే, నా తలలో ఆ పుడిసెడు నీళ్ళే తిరుగుతున్నాయి. కాదులే, పొట్టుకు ఇంత పని ఉండదు అని నాకు నేను చెప్పుకున్నాను.

డాక్టరుగారు అడిగాడు, ఏమి తినింది అని. ఒక్కపొద్దు సార్, ఏమీ తినలేదు అన్నాను. మందులేమన్నా ఇచ్చినావా అని అడిగాడు. అక్క బల్ల మీద పడుకుని నన్నే చూస్తోంది.

లేదు సార్ అన్నాను.

ఆ రెండు ముక్కలూ నోట్లోనుంచి ఎట్లా వచ్చాయో ఇప్పటికీ తెలియదు. ఊరంతా పంచొద్దు అని చెప్పిన మనిషి ముందు, పంచాను అని ఒప్పుకోలేకపోయాను. అంతే, అంతకన్నా పెద్ద కారణమేదీ లేదు. అక్క విన్నది. ఆమెకు గొంతు నొప్పే గాని మాట పోలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. తమ్ముడు డాక్టరు చేత తిట్లు తినకూడదని ఆమె కూడా ఊరుకుంది. ఈ సంగతి ఆమె నాకు తరువాత చెప్పింది, చెప్పి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

డాక్టరు నా మాట నమ్మి గుండెకు చూశాడు. సూది వేశాడు, పడుకోబెట్టి చూద్దామన్నాడు. మంగళవారమంతా ఆ వరండా బల్ల మీద కూర్చున్నాను. మాఘంలో నాకేమీ లేదని గొప్పలు పోయిన బల్ల అదే. లేచి లోపలికి పోయి చెప్పేస్తే పది అడుగుల దూరం. పదిసార్లు లేచాను, పదిసార్లు గుమ్మం దాకా పోయి నీళ్ళ కుండ దగ్గరికి తిరిగాను.

బుధవారం పొద్దున శంకరమ్మ బట్టల మూటతో వచ్చింది. డాక్టరేమన్నాడని అడిగింది. నేను నసిగాను. ముప్పై ఏళ్ళ కాపురం, ఆమెకు నా నసుగుడు అర్థం తెలుసు. పోయి అక్కనే అడిగి, సోమవారం ఏం జరిగిందో అప్పుడు తెలుసుకుంది. నా వైపు కూడా చూడకుండా తెర తోసుకుని డాక్టరు గదిలోకి పోయింది.

"సార్, సోమవారం పొద్దున ఈయన మా వదినకు ఆ పొట్టు పొడిగా ఇచ్చి పుడిసెడు నీళ్ళతో మింగించినాడు. ఈయన మీకు సెప్పలేదు. నేను సెప్తాండాను."

డాక్టరు కలం కింద పెట్టాడు. తిడితే బాగుండేది. నన్ను చూసి నెమ్మదిగా, నిన్న చెప్పింటే ఒక దినం మిగిలేది గదప్పా అన్నాడు. పొట్టు గొంతు దాటి లోపలి గొట్టంలో ఉబ్బి అడ్డం పడిందనీ, ఆదోనిలో తీయడానికి వీలు లేదనీ, వెంటనే బళ్ళారికి పోవాలనీ చెప్పాడు. చీటీ రాసిచ్చాడు. ఆయనే దూది వ్యాపారి ఒకాయనకు కబురుపెట్టి కారు తెప్పించాడు. అబద్ధం చెప్పిన వాడికి కారు. ఎక్కేటప్పుడు తలెత్తలేకపోయాను.

బళ్ళారిలో గొంతు డాక్టరు ఇనుప గొట్టం వేసి రెండు దఫాలుగా తీశాడు. బయట వరండాలో కూర్చున్నాం. పక్కన ఒక కన్నడ ఆమె, భర్తకు గొంతు జబ్బట. మేం ఎవరమో ఆమెకు తెలియదు. అక్క ఉమ్మిన గుడ్డలు తన గుడ్డలతో కలిపి తానే ఉతుక్కొచ్చి ఆరేసింది. నేను వద్దంటే, హెదరబేడప్పా అంది, భయపడొద్దప్పా అని. తన భర్త సంగతి ఏమైందో అడగాలని కూడా నాకు ఆ పూట తట్టలేదు.

డాక్టరు బయటికొచ్చి పళ్ళెం చూపించాడు. బూడిదరంగు ముద్దలు. నన్ను ఏం పని చేస్తావని అడిగాడు. నేత అన్నాను.

"గంజి కాచే ఇంటోడివి. కుండలో గంజి నీళ్ళు చాలకుండా ఎండితే ఏమైతుందో నీకు నేను చెప్పాల్నా?"

చెప్పనక్కర్లేదు. పడుగుకు పట్టగా మిగిలిన గంజిని కుండలో వదిలేస్తే మధ్యాహ్నానికి చెక్క కడుతుంది. టెంకాయ చిప్పతో గీకినా రాదు. నీళ్ళు పొయ్యకుండా ఎందుకు వదిలేశావని వారానికొకసారి శంకరమ్మను తిట్టేది నేనే.

రెండు రోజులు అడ్డం పడి ఉండటంతో లోపల పుండైంది. ఇరవై రోజులు అక్కడే ఉన్నాం. జ్వరం వచ్చింది, పోయింది. ఒక వారం ఆమె బతుకుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. నేను ఈరన్నకు మొక్కబోయి ఆగిపోయాను. ఏ మొహంతో మొక్కేది. నాలుగో సోమవారం ఆసుపత్రిలోనే గడిచిపోయింది. అక్కకు తన గొంతు కన్నా ఆ సోమవారం మీదే దిగులు.

కార్తీకం, ఆ తరువాత

అక్క బతికింది. ఇంటికి తెచ్చుకున్నాం. కానీ పుండు మానేటప్పుడు ముడుచుకుని దారి సన్నమైపోయింది. గంజి పోతుంది, పాలు పోతాయి, పలుచని రాగి అంబలి పోతుంది. జొన్న రొట్టె పోదు. మా ప్రాంతంలో రొట్టె లేకపోతే తిన్నట్టు కాదు. అక్క చేతి రొట్టె వీధిలో పేరు, పల్చగా, పెనం మీద పొంగి, అంచు విరగకుండా వచ్చేది. కార్తీకంలో ఒకరోజు ఎవరూ లేనప్పుడు వక్కంత ముక్క నోట్లో వేసుకుని చూసిందట. మింగలేక, కక్కలేక కాసేపు అవస్థపడింది. మళ్ళీ ప్రయత్నించలేదు. ఇప్పటికీ రొట్టెలు ఆమే చేస్తుంది, మా ఇద్దరికీ.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా అక్కకు కొండ నాలుక బాగాలేదని కూడా ఎవరూ తేల్చలేదు. పొట్టు ఇయ్యకముందు ఆమె రక్తం ఎవరూ చూడలేదు. ఆ తరువాత చూస్తే కొవ్వు నా అంత లేదు. వింటున్నారా, లేదు.

నేను హకీము సాహెబు మీదికి కొట్లాటకు పోయాను. ఎవరో ఒకరి మీద పడాలి గదా. ఆయన నా కేకలన్నీ విని, నీళ్ళ మాట మూడుసార్లు చెప్పినా గదా భయ్యా, అని మాత్రం అన్నాడు. తరువాత, అక్కకిప్పుడెట్లుంది అని అడిగాడు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి. నేను అంగడి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బజారంతా చూసింది. ఆ రోజుకు పరువు గుర్తుకు రాలేదు. ఆదోనిలో డాక్టరు దగ్గరికి కూడా పోయి, చేతులు జోడించి ఒప్పుకున్నాను. ఆయన నా రక్తం చూసి, కొవ్వు ఇంకా తగ్గింది, సంతోషమన్నాడు. నాకు సంతోషం కలగలేదు.

వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఇచ్చిన పొట్లాలు వెనక్కి తీసుకున్నాను. కొందరు నవ్వారు, కొందరు ఇయ్యలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇసబ్గోలు చెడ్డది కాదు. నేను ఇప్పటికీ తాగుతున్నాను, గ్లాసు నిండా నీళ్ళలో కలిపి, చిక్కబడక ముందే, వెనకాల ఇంకొక గ్లాసుతో. మాత్రలకు దూరంగా. డాక్టరుకు తెలిసే. మింగడం కష్టమైన వాళ్ళు దాని జోలికి పోవద్దు. ఒక్కపొద్దు ఉన్న నాడు మానెయ్యండి, మండలం తెగితే తెగనీ. చెట్టు నుంచి వచ్చిందే గదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. అన్నిటికన్నా, ఏమిచ్చావని డాక్టరు అడిగితే ఇచ్చింది చెప్పండి. సిగ్గు ఒక్క క్షణమే. దాచిపెట్టిన ఆ ఒక్క రోజును నేను ఇంకా మోస్తున్నాను.

మొన్న శ్రావణంలో అక్క మిగిలిపోయిన సోమవారం తీర్చుకోడానికి ఉరుకుంద పోయింది. ఈసారి చెంబు నిండా నీళ్ళు వెంట తీసుకుపోయింది. నీళ్ళు తాగితే ఒక్కపొద్దు ఎట్లా అవుతుందని నేను అడగలేదు. ఆమే చెప్పింది, ఈరన్నకు అన్నీ తెలుసులేరా అని.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. అక్క ముందు రొట్టె తినడం నాకు చేతకాక, పని ఉందని చెప్పి రొట్టె చేతపట్టుకుని పెరట్లోకి పోయి, గోడ పక్కన నిలబడి తినేవాణ్ణి. చాలా నెలలు అట్లాగే గడిచింది. ఒకరోజు వెనక్కి తిరిగితే అక్క గడపలో నిలబడి ఉంది.

"దొంగతిండి ఏంటికి తింటాండావురా? ఈడికొచ్చి కూర్చో. నా ముందర తిను. నువ్వు నమిలే సప్పుడింటే నాకు తిన్నట్లుంటాది."

పోయి ఎదురుగా కూర్చున్నాను. ఆమె చేతి రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను, ఆమె చూస్తోంది. మింగడానికి చాలాసేపు పట్టింది. అక్క గ్లాసు నిండా నీళ్ళు పోసి నా ముందుకు జరిపింది.